పెద్ద హయాటస్ హెర్నియాకి కీహోల్ ఆపరేషన్: ఫలితాల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఎండోస్కోపీలోనో, ఇంకేదో కారణానికి తీసిన సీటీ స్కాన్‌లోనో 'పెద్ద హయాటస్ హెర్నియా' అని కనబడితే ఇంట్లో అందరికీ టెన్షన్ మొదలవుతుంది. ఆపరేషన్ చేయించాలా, ఈ వయసులో తట్టుకోగలరా, చేయించాక మళ్ళీ వస్తుందా అని ఒకదాని వెంట ఒకటి ప్రశ్నలు. వీటిలో 'మళ్ళీ వస్తుందా' అన్నదానికి సగం జవాబు మాత్రమే విని కొందరు అవసరమైన ఆపరేషన్ మానుకుంటున్నారు, కొందరు ఇక జీవితాంతం చూసుకోనక్కర్లేదన్న ధీమాతో ఉంటున్నారు. అందుకే ఈ పేజీలో ఎక్కువ చోటు ఆ ప్రశ్నకే ఇచ్చాను. ఇది సాధారణ సమాచారం. మీ రిపోర్టులు చూసి, మిమ్మల్ని పరీక్షించిన డాక్టరుగారి సలహానే మీకు ప్రమాణం.

పెద్ద హెర్నియా అంటే ఎంత పెద్దది?

ఛాతీకీ పొట్టకీ మధ్య డయాఫ్రమ్ అనే కండర పొర అడ్డంగా ఉంటుంది. అన్నవాహిక కిందికి దిగడానికి ఆ పొరలో ఒక సందు ఉంటుంది. ఆ సందు వదులై జీర్ణాశయం ఛాతీలోకి జారితే దాన్ని హయాటస్ హెర్నియా అంటారు. నూటికి 95 దాకా మొదటి రకమే. అంటే అన్నవాహిక, జీర్ణాశయం కలిసే చోటు కొద్దిగా పైకి జారుతుంది, అంతే. వీరిలో ఎక్కువమందికి మందులు, తిండి అలవాట్లలో మార్పు సరిపోతాయి.

మనం మాట్లాడుకునేది మిగతా రకాల గురించి. రెండో రకంలో జీర్ణాశయం పై భాగం అన్నవాహిక పక్క నుంచి పైకి ఎక్కుతుంది. మూడో రకంలో ఈ రెండూ కలిసి ఉంటాయి. నాలుగో రకంలో జీర్ణాశయంతో పాటు పెద్దపేగో, ప్లీహమో కూడా ఛాతీలోకి చేరుతుంది. పెద్దది అనడానికి అందరూ ఒకే కొలత వాడరు. జీర్ణాశయంలో మూడో వంతు పైకి వెళ్తే చాలని కొందరు, సగం దాటాలని కొందరు అంటారు. రెండు ఆసుపత్రుల ఫలితాలను పక్కపక్కన పెట్టి చూసేటప్పుడు ఈ తేడా మరిచిపోకూడదు.

మా అమ్మకి ఛాతీలో మంట లేదు. ఆయాసం, నీరసం మాత్రమే. అవి కూడా దీని వల్లేనా?

కావచ్చు. హెర్నియా పెద్దదయ్యేకొద్దీ మంట, పుల్ల తేన్పులు వెనక్కిపోయి వేరే బాధలు ముందుకు రావడం మామూలే. నాలుగు ముద్దలకే కడుపు నిండిపోవడం, తిన్నాక ఛాతీలో పట్టేసినట్టు ఉండడం, వంగితే ఆయాసం రావడం, తిన్నది తిన్నట్టే గొంతులోకి రావడం. జీర్ణాశయం ఛాతీలో చోటు ఆక్రమిస్తే ఊపిరితిత్తి పూర్తిగా విచ్చుకోలేదు, గుండె మీద కూడా ఒత్తిడి పడుతుంది.

నీరసం సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. డయాఫ్రమ్ అంచు దగ్గర జీర్ణాశయం ఒరుసుకుని లోపలి పొరలో పుండ్లు పడతాయి. అక్కడి నుంచి రక్తం కొంచెం కొంచెంగా కారుతూ ఉంటుంది. 1986లో మేయో క్లినిక్‌కి చెందిన డాక్టర్ అలన్ కామెరాన్ వీటిని వివరించారు, అందుకే కామెరాన్ పుండ్లు అని పేరు. హిమోగ్లోబిన్ తగ్గిందని ఐరన్ మాత్రలు ఇస్తారు, కాస్త పెరుగుతుంది, మళ్ళీ తగ్గుతుంది. 'వయసు మీద పడింది కదా' అనుకుని ఏళ్ళు గడిపేస్తారు. పెద్దవాళ్ళలో కారణం తేలని రక్తహీనత ఉంటే, పాత ఎండోస్కోపీ రిపోర్టులో హెర్నియా అన్న మాట ఉందేమో తీసి చూడండి. అయితే పేగుల్లోంచి రక్తం పోతోందేమో కూడా పరీక్ష చేయించాకే నింద హెర్నియా మీద వేయాలి.

ఏ బాధా లేకపోయినా ఆపరేషన్ తప్పదా?

ఒకప్పుడు తప్పదనేవారు. 1967లో స్కిన్నర్, బెల్సీ అనే సర్జన్లు ప్రచురించిన అనుభవం దానికి కారణం. పెద్దగా బాధ లేదని ఆపరేషన్ చేయకుండా వదిలేసిన 21 మందిలో 6గురు హెర్నియా వల్ల వచ్చిన సమస్యలతోనే చనిపోయారు. ఆ తర్వాత దశాబ్దాలపాటు 'కనబడితే ఆపరేషన్' అన్నదే పద్ధతిగా సాగింది.

2002లో అమెరికాలో స్టైలోపౌలోస్ బృందం లెక్కలు మళ్ళీ వేసింది. బాధ లేనివారిలో, లేదా చాలా తక్కువగా ఉన్నవారిలో అత్యవసర ఆపరేషన్ అవసరమయ్యే అవకాశం ఏడాదికి సుమారు 1.1 శాతమే అని తేలింది. అలాంటి వారిలో ఎక్కువమందికి తొందరపడి ఆపరేషన్ చేయడం కంటే గమనిస్తూ ఉండడమే మేలు అని వాళ్ళు తేల్చారు. ఇది కంప్యూటర్ నమూనాతో వేసిన అంచనా. ఆ తర్వాత ఇలాగే లెక్కవేసిన కొందరు దీన్ని సమర్థించారు, కొందరు ముందే చేయించుకోవడం మంచిదన్నారు.

నా అభిప్రాయం అడిగితే, ముందు 'బాధ లేదు' అన్న మాటని గట్టిగా పరీక్షించాలి. మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు రాత్రి భోజనం మానేసి, రెండు దిండ్లు పెట్టుకుని పడుకుంటూ, మెట్లెక్కడం ఆపేసి కూడా 'నాకేం లేదురా, బానే ఉన్నా' అంటారు. అది బాధ లేకపోవడం కాదు, బాధకి సర్దుకుపోవడం. నిజంగా ఏ ఇబ్బందీ లేకుండా తిని తిరుగుతున్న 80 ఏళ్ళ మనిషిని స్కాన్ చూసి బలవంతంగా ఆపరేషన్‌కి తీసుకెళ్ళనక్కర్లేదు. 60 ఏళ్ళ మనిషి సగం అన్నం తిని లేచిపోతున్నారంటే మాత్రం సర్జన్‌ని కలవాలి.

ఎప్పుడు వెంటనే ఆసుపత్రికి పరిగెత్తాలి?

జీర్ణాశయం ఛాతీలో మెలి తిరిగితే అది ప్రాణాంతకం. పొట్ట పై భాగంలోనో ఛాతీలోనో ఒక్కసారిగా భరించలేని నొప్పి, ఎంత ఓకరించినా ఏమీ బయటికి రాకపోవడం, నీళ్ళు కూడా దిగకపోవడం దీని గుర్తులు. రక్తపు వాంతి, తారులా నల్లటి విరేచనం కూడా అంతే అత్యవసరం. ఈ నొప్పిని గుండెపోటు అనుకోవడం సహజం, గుండె పరీక్షలు ముందు చేయడం సరైన పనే. కాకపోతే హెర్నియా ఉందన్న సంగతి అక్కడి డాక్టర్లకి మొదటే చెప్పండి. పాత రిపోర్టు ఫోటో ఇంట్లో అందరి ఫోన్లలో ఉంచుకుంటే మంచిది.

ఆపరేషన్‌లో ఏం చేస్తారు?

కీహోల్ అంటే పెద్ద కోత లేకుండా చేసే ఆపరేషన్. పొట్ట మీద సాధారణంగా ఐదు చిన్న రంధ్రాలు పెట్టి, కెమెరా, సన్నటి పరికరాలు లోపలికి పంపుతారు. ఛాతీలోకి వెళ్ళిన జీర్ణాశయాన్ని కిందికి దించి, అది కూర్చున్న సంచిలాంటి పొరని ఛాతీ నుంచి విడదీస్తారు. అన్నవాహిక చివరి రెండు మూడు సెంటీమీటర్లు లాగకుండానే పొట్టలో నిలిచేలా వదులు చేస్తారు. వదులైన సందుని కుట్లతో బిగిస్తారు. చివరగా జీర్ణాశయం పై భాగాన్ని అన్నవాహిక చుట్టూ మఫ్లర్‌లా చుట్టి కుడతారు. పూర్తిగా చుడితే నిస్సెన్ పద్ధతి, వెనక నుంచి పాక్షికంగా చుడితే టూపే, ముందు నుంచి అయితే డోర్.

నిస్సెన్ ఈ పద్ధతిని ప్రచురించింది 1956లో. అప్పట్లో పొట్టనో ఛాతీనో పెద్దగా కోసి చేసేవారు. 1991లో బెల్జియంలో డల్మాన్ కీహోల్ ద్వారా నిస్సెన్ చేసినట్టు ప్రకటించారు. మరుసటి ఏడాదే స్కాట్లాండ్‌లోని డండీలో కుషేరి బృందం పెద్ద హెర్నియాలకి కూడా కీహోల్ పద్ధతిని వాడింది.

ఈ వయసులో ప్రాణాపాయం ఎంత?

అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో లుకెటిచ్ అనే సర్జన్ బృందం 662 మంది పెద్ద హెర్నియా రోగుల కీహోల్ ఫలితాలని 2010లో ప్రచురించింది. 30 రోజుల్లో చనిపోయినవారు 1.7 శాతం. వీరిలో వయసు మళ్ళినవారు, అత్యవసరంగా వచ్చినవారు కూడా ఉన్నారు. అక్కడ చేసేవాళ్ళు ఈ పనిలో బాగా అనుభవమున్నవాళ్ళు అన్నది కూడా గుర్తుంచుకోవాలి.

వయసు కంటే ఎక్కువ తేడా తెచ్చేది ఆపరేషన్ ఏ పరిస్థితిలో జరిగిందన్నది. అమెరికాలో 80 దాటినవారి ఆసుపత్రి రికార్డులతో 2008లో వచ్చిన ఒక అధ్యయనంలో, ముందే తేదీ అనుకుని చేసినప్పుడు మరణాలు 2.5 శాతం, అనుకోకుండా చేయాల్సి వచ్చినప్పుడు 16 శాతం. అది కీహోల్‌కి మాత్రమే పరిమితమైన లెక్క కాదు. అయినా ఆ రెండు అంకెల మధ్య దూరం చూడండి. బాధలున్న పెద్దవాళ్ళ విషయంలో 'ఇంకా ముదిరాక చూద్దాం' అనుకోవడం ఎందుకు మంచిది కాదో అక్కడే తెలుస్తుంది.

మిగతా ప్రమాదాల్లో న్యుమోనియా, గుండె లయ తప్పడం, కాళ్ళలో రక్తం గడ్డకట్టడం, రక్తస్రావం, ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం ఉన్నాయి. అన్నవాహికకో జీర్ణాశయానికో చిల్లు పడడం అరుదు, కానీ పడితే తీవ్రమైనది.

బాధలు నిజంగా తగ్గుతాయా?

తగ్గుతాయి. ఈ ఆపరేషన్‌లో అన్నిటికంటే గట్టిగా చెప్పగలిగిన ఫలితం ఇదే. పిట్స్‌బర్గ్ రోగుల్లో దాదాపు 90 శాతం మంది జవాబుల్లో లక్షణాల స్కోరు 'బాగుంది' లేదా 'చాలా బాగుంది' స్థాయిలో ఉంది. తినగానే ఛాతీ పట్టేయడం, తిన్నది వెనక్కి రావడం అన్నిటికంటే ముందు తగ్గే బాధలు. ఊపిరితిత్తుల పరీక్షల్లో మెరుగుదల కనబడుతుంది, హెర్నియా ఎంత పెద్దదైతే లాభం అంత ఎక్కువగా ఉంటుంది. కామెరాన్ పుండ్ల వల్ల వచ్చిన రక్తహీనత ఎక్కువమందిలో నయమవుతుంది. ఏళ్ళుగా ఐరన్ ఎక్కించుకుంటున్నవారికి ఇది చిన్న విషయం కాదు.

ఆయాసం మొత్తం హెర్నియా వల్లే కాకపోవచ్చు. ఆస్తమా, గుండె జబ్బు కూడా ఉంటే వాటి వాటా మిగిలే ఉంటుంది.

ఆపరేషన్ చేసినా మళ్ళీ వస్తుందట. నిజమేనా?

నిజమే. కానీ 'మళ్ళీ రావడం' అన్నది రెండు వేరువేరు సంగతులు. స్కాన్‌లోనో బేరియం ఎక్స్‌రేలోనో (బేరియం ద్రవం తాగించి తీసే ఎక్స్‌రే) జీర్ణాశయం కొంత పైకి జారినట్టు కనబడడం ఒకటి. పాత బాధ తిరిగి రావడం ఇంకొకటి. మొదటిది ఎక్కువగానే జరుగుతుంది, రెండోది చాలా తక్కువ.

2000లో హషెమీ బృందం ఆపరేషన్ అయినవారికి, బాధ ఉన్నా లేకున్నా, బేరియం పరీక్ష చేసింది. కీహోల్ చేయించుకున్నవారిలో 42 శాతం మందికి, పాత కోత పద్ధతిలో 15 శాతం మందికి హెర్నియా మళ్ళీ కనబడింది. సర్జన్లలో కలకలం రేగింది. కీహోల్ పద్ధతి ఇంత బలహీనమా అని చాలామంది సందేహించారు.

అప్పుడే మొదలైన ఆశ మెష్, అంటే బిగించిన సందుకి బలంగా పెట్టే వలలాంటి ముక్క. కుట్లకి తోడుగా జంతు కణజాలం నుంచి తయారైన మెష్ పెడితే ఎలా ఉంటుందని అమెరికాలో ఓల్ష్లాగర్ బృందం పలు ఆసుపత్రుల్లో 108 మందిని లాటరీ పద్ధతిలో రెండు భాగాలు చేసి చూసింది. 2006లో వచ్చిన ఆరు నెలల ఫలితం అద్భుతంగా ఉంది. కుట్లు మాత్రమే వేసినవారిలో 24 శాతం మందికి, మెష్ పెట్టినవారిలో 9 శాతం మందికి హెర్నియా మళ్ళీ కనబడింది. చాలామంది సర్జన్లు మెష్ వైపు మళ్ళారు. అదే రోగులని సుమారు ఐదేళ్ళ దగ్గర మళ్ళీ పరీక్షించి 2011లో ప్రచురించినప్పుడు అంకెలు 59 శాతం, 54 శాతం. తేడా దాదాపు మాయమైపోయింది.

59 శాతం అని చదివి గుండె జారిపోతుంది. అదే అధ్యయనంలో ఉన్న మిగతా సగం చదవాలి. ఆ పరీక్షలో రెండు సెంటీమీటర్లకి మించి పైకి జరిగితే 'మళ్ళీ వచ్చింది' కిందే లెక్క. ఆపరేషన్‌కి ముందు సగం జీర్ణాశయం ఛాతీలో ఉన్న మనిషికి ఇప్పుడు మూడు సెంటీమీటర్లు జారినా అందులోకే వస్తారు. ఐదేళ్ళ తర్వాత కూడా రెండు గుంపుల్లోనూ బాధలు, జీవన నాణ్యత ముందుకంటే ఎంతో మెరుగ్గా ఉన్నాయి. మళ్ళీ ఆపరేషన్ అవసరమైనవారు మొత్తంలో ఇద్దరే, అంటే 3 శాతం. పిట్స్‌బర్గ్‌లో కూడా ఎక్స్‌రేలో తిరిగి కనబడింది 15.7 శాతం మందికి అయితే, మళ్ళీ ఆపరేషన్ చేసింది 3.2 శాతం మందికి.

అందుకే సర్జన్ మీకు ఒక శాతం చెబితే, అది ఫోటోలో కనబడిన లెక్కా, మళ్ళీ ఆపరేషన్ అవసరమైన లెక్కా అని అడగండి. ఎన్నేళ్ళకి అన్నది కూడా అడగండి. ఆరు నెలల అంకె, ఐదేళ్ళ అంకె ఎంత వేరుగా ఉంటాయో పైన చూశారు కదా.

అసలు ఎందుకు జారుతుంది? సర్జన్ సరిగా కుట్టలేదనా?

చాలాసార్లు కాదు. డయాఫ్రమ్‌కి విశ్రాంతి ఉండదు, ప్రతి శ్వాసకీ కదులుతూనే ఉంటుంది. లోపల ఛాతీ వైపు పీడనం తక్కువ, పొట్ట వైపు ఎక్కువ, కాబట్టి జీర్ణాశయాన్ని పైకి నెట్టే ఒత్తిడి ఎప్పుడూ ఉంటుంది. వయసుతో ఆ సందు చుట్టూ కండరం పలచబడుతుంది. అన్నవాహిక కురచగా ఉండి పూర్తిగా కిందికి రాకపోతే కుట్ల మీద లాగుడు పడుతుంది. బరువు ఎక్కువగా ఉండడం, ఎడతెగని దగ్గు, ఆపరేషన్ అయిన తొలి రోజుల్లో గట్టిగా వాంతులు అవడం కూడా కారణాలే. చివరి మూడిటిలో మన చేతుల్లో ఉన్నది కొంత ఉంది. దగ్గుంటే ముందే చెప్పి తగ్గించుకోవాలి, వికారం మొదలవగానే నర్సుని పిలవాలి, ఓర్చుకోకూడదు.

మరి మెష్ పెట్టించుకోవాలా వద్దా?

ఆస్ట్రేలియాలో వాట్సన్ బృందం జీర్ణాశయంలో సగానికి పైగా ఛాతీలో ఉన్న 126 మందిని మూడు గుంపులుగా చేసింది: కుట్లు మాత్రమే, కరిగిపోయే మెష్, కరగని మెష్. ఏడాదికి మూడిటి మధ్య తేడా గణాంకపరంగా తేలలేదు. ఐదేళ్ళకి హెర్నియా మళ్ళీ కనబడింది కుట్ల గుంపులో 39.3 శాతం, కరిగే మెష్‌లో 56.7, కరగని మెష్‌లో 42.9. అందరికీ మెష్ పెట్టాలన్న వాదనకి దీనిలో ఆధారం దొరకలేదు.

కరగని మెష్ అరుదుగా అన్నవాహిక గోడని తొలుచుకుని లోపలికి రావచ్చు, అక్కడ ఇరుకు చేయవచ్చు. అప్పుడు చేసే ఆపరేషన్ చాలా కష్టమైనది. కండరం మరీ పలచగా ఉండి కుట్లు నిలవని సందర్భంలో, లేదా రెండోసారి చేసేటప్పుడు సర్జన్ మెష్ వైపు మొగ్గవచ్చు. అలాంటి నిర్ణయం కొన్నిసార్లు లోపల చూశాకే తీసుకోగలరు. మామూలుగా మొదటిసారి చేసేటప్పుడు మెష్ పెట్టలేదని బాధపడనక్కర్లేదు, పెట్టినంత మాత్రాన గ్యారంటీ వచ్చిందనీ అనుకోవద్దు.

రెండోసారి ఆపరేషన్ ఎప్పుడు చేస్తారు?

బాధ ఉండి, మందులకి లొంగనప్పుడు. రెండోసారి లోపల అంతా అతుక్కుపోయి ఉంటుంది, చిల్లులు పడే అవకాశం ఎక్కువ, ఫలితం మొదటిసారి అంత బాగుండదు. కేవలం ఫోటోలో కనబడింది కదా అని చేయరు, చేయకూడదు కూడా.

ఎన్నాళ్ళకి మామూలుగా తినవచ్చు?

ఆసుపత్రిలో సాధారణంగా రెండు మూడు రోజులు. చుట్టిన చోట వాపు తగ్గేదాకా గుటక కష్టంగా ఉంటుంది. మొదటి రోజుల్లో మజ్జిగ, పప్పుకట్టు, పలచటి రాగి జావ. ఆ తర్వాత మెత్తగా చిదిమిన పెరుగన్నం, పాలలో నానిన ఇడ్లీ, మెత్తటి కిచిడీ, గిలక్కొట్టిన గుడ్డు. గట్టి చపాతీ, బ్రెడ్, మాంసం ముక్కలు, గారెలు, జంతికలు నాలుగు నుంచి ఆరు వారాలపాటు పక్కన పెట్టాలి. కొసరి కొసరి వడ్డించడం మన ఇళ్ళల్లో ప్రేమ, కానీ ఈ నెలన్నర దాన్ని ఆపుకోవాలి. రోజుకి ఐదారు సార్లు, చిన్న గిన్నెడు చొప్పున, నిటారుగా కూర్చుని, బాగా నమిలి తినాలి. పెద్ద మాత్రలు మింగలేకపోతే సిరప్ రూపంలో ఉందేమో అడగండి. అన్ని మాత్రలూ నూరకూడదు, బీపీ, షుగర్ మాత్రల్లో కొన్ని నూరితే ప్రమాదం.

బరువు మూడు నాలుగు కిలోలు తగ్గడం మామూలే. నీళ్ళు కూడా దిగకపోతే మాత్రం ఎదురుచూడకుండా ఆసుపత్రికి వెళ్ళాలి.

తేన్పు రావడం లేదు, కడుపు ఉబ్బరంగా ఉంటోంది. ఏదైనా తేడా చేసిందా?

సాధారణంగా కాదు. చుట్టడం వల్ల పైకి వచ్చే దారి బిగుసుకుంటుంది, కాబట్టి తేన్పు సులువుగా రాదు, గాలి కింది నుంచి ఎక్కువగా పోతుంది. సోడా, కూల్‌డ్రింకులు, స్ట్రాతో తాగడం, గబగబా తినడం మానేస్తే చాలావరకు సర్దుకుంటుంది. పాక్షికంగా చుట్టినప్పుడు ఈ ఇబ్బంది తక్కువ. మూడు నెలలు దాటినా గుటక కష్టంగానే ఉంటే ఎండోస్కోపీ చేసి, అవసరమైతే బెలూన్‌తో వెడల్పు చేస్తారు.

బరువులు, యోగా?

నడక మరుసటి రోజు నుంచే. నీళ్ళ బిందెలు, గ్యాస్ సిలిండర్, మనవల్ని ఎత్తుకోవడం ఆరు వారాలు వద్దు. కపాలభాతి లాంటి పొట్టని బలంగా లోపలికి కొట్టే ప్రాణాయామాలు సర్జన్ సరే అనేదాకా మొదలుపెట్టవద్దు. మలబద్ధకం ఉంటే ముక్కకుండా మందు అడిగి తీసుకోండి.

యాసిడ్ మాత్రలు ఇక మానేయవచ్చా?

చాలామంది మానేస్తారు. కొందరికి కొన్నేళ్ళకి మళ్ళీ అవసరమవుతాయి. మంట తిరిగి వచ్చినట్టనిపిస్తే సొంతంగా మాత్రలు కొనుక్కోకుండా ఒకసారి పరీక్ష చేయించండి.

సర్జన్‌ని ఏం అడగాలి?

ఏడాదికి ఇలాంటి పెద్ద హెర్నియాలు ఎన్ని చేస్తారు? మామూలు గాల్‌బ్లాడర్ కీహోల్ ఎన్ని చేశారన్నది దీనికి జవాబు కాదు, ఇది చాలా కష్టమైన ఆపరేషన్. ఏ రకంగా చుడతారు, ఎందుకు? ముందు మానోమెట్రీ (అన్నవాహిక కండరాల కదలికని, ఒత్తిడిని కొలిచే పరీక్ష) చేస్తారా? ఐసీయూ, రాత్రి పూట చూసే డాక్టర్, ఎండోస్కోపీ అదే ఆసుపత్రిలో ఉన్నాయా? ఇలా అడిగితే అనుభవమున్న సర్జన్ ఎవరూ నొచ్చుకోరు.

నాన్నగారు వచ్చే నెల మా దగ్గరికి అమెరికా రావాలి. ముందే చేయించాలా, వచ్చి వెళ్ళాక చేయించాలా?

బాధలు లేకపోతే ప్రయాణం కోసం ఆపరేషన్ అక్కర్లేదు. తరచుగా నొప్పి, వాంతులు, రక్తహీనత ఉంటే మాత్రం అక్కడ అత్యవసరం రావడం అన్ని విధాలా కష్టం. ముందునుంచీ ఉన్న జబ్బులకి విజిటర్ ఇన్సూరెన్స్ చాలావరకు డబ్బు కట్టదు. అలాంటప్పుడు టికెట్ మార్చుకుని ఇక్కడే చేయించడం మంచిది. ఆపరేషన్ అయ్యాక మెత్తటి తిండి దశ దాటి, మామూలుగా తినగలిగి, చివరి చెకప్‌లో సర్జన్ ఒప్పుకున్నాకే అంత దూర ప్రయాణం పెట్టుకోండి. డిశ్చార్జ్ సమరీలో ఏ రకంగా చుట్టారో, మెష్ పెట్టారో లేదో రాసి ఉందా చూసుకుని, ఒక కాపీ చేతి సంచిలో ఉంచుకోమనండి. అక్కడ ఏ డాక్టరుకి చూపించాల్సి వచ్చినా మొదట అడిగేది అదే.